తోక వెనక లైటు

తోక వెనక ఎవరూ ఉండకూడదు.

ఉన్నారు!

అద్దంలో ఒక లైటు. ఒకే ఒక్క హెడ్‌లైటు. పొగమంచులో మసక మసగ్గా, మలుపు మలుపుకీ మాయమై మళ్ళీ వస్తోంది...

ఆమె తల తిప్పదు. కొండ దారిలో తల తిప్పితే బండి కూడా తిరుగుతుంది. తన డ్రైవింగ్ స్కూల్లో చేరిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పే మొదటి పాఠం అదే. రెండో పాఠం, క్లచ్ మెల్లగా వదలమని. ఒక్కసారిగా వదిలితే బండి ముందుకి దూకి ఎవరి కాళ్ళో విరగ్గొడుతుందని.

ఇప్పుడు పాఠాలు గుర్తు చేసుకునే తీరిక లేదు.

ఆమె యాక్సిలరేటర్ మెలేస్తుంది. బండి రొప్పుతుంది.

అద్దంలో లైటు కూడా వేగం పెంచుతుంది!

ఇంకా తెల్లవారలేదు. ఐదు రోజుల బైక్ టూర్‌లో ఇది చివరి కొండ. దిగితే ఊరు, ఇల్లు. పాతిక బండ్లు ముందు వెళ్ళిపోయాయి. అందరికంటే ముందు కెప్టెన్. అందరికంటే వెనక ఆమె. ఎవరి బండి మొరాయించినా, ఎవరు పడిపోయినా ఆగి చూసుకుని వెంట తీసుకురావడం ఆమె పని. అందుకే అందరూ ఆమెని 'తోకక్క' అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తనే ఆ పేరు హెల్మెట్ వెనక రాయించుకుంది.

తోక వెనక రావడానికి ఇంకెవరు మిగిలారు?

ఒక్కడే.

లైటు రెండుసార్లు ఆరి వెలుగుతుంది. హారన్... మళ్ళీ హారన్! ఆ హారన్ ఆమెకి తెలుసు. ఆ బండి కొన్న రోజు ఆ హారన్ పదిసార్లు కొట్టించి, చెవులు మూసుకుని నవ్వింది తనే.

చిన్నా!

ఆమె మరిది. అత్తగారు పోయేనాటికి నిక్కర్లలో తిరిగేవాడు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, బండి నడపడం నేర్పింది. అందరికీ మరిదే. ఆమెకి మాత్రం పెద్దకొడుకు.

వాడు ఇప్పుడు తనని చంపడానికి వస్తున్నాడు.

మలుపు! ఆమె వంగుతుంది. ఫుట్‌రెస్ట్ రోడ్డుకి గీసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. ఏడుపు వస్తోంది, కానీ హెల్మెట్‌లో ఏడిస్తే దారి కనపడదు.

నిన్న సాయంత్రం... ఆ సైకిలాయన!

అందరూ వెళ్ళిపోయాక ఆమె వచ్చేసరికి రోడ్డు పక్కన గోతిలో, ముందు వెళ్ళినవాళ్ళ కంట పడకుండా, పడి ఉన్నాడు ఆ పెద్దాయన. సైకిలు ముద్దయిపోయింది. "బండి... బండి కొట్టి పోయాడమ్మా..." అన్నాడు. అంబులెన్స్ వచ్చేలోగా ఆమె ఒళ్ళోనే ప్రాణం వదిలాడు. పోలీసులకి చూసింది చూసినట్టు చెప్పింది. బయల్దేరేటప్పుడు బూటు కింద కటుక్కుమంది. తీసి చూస్తే నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క. ఇండికేటర్ అద్దం! తమ వాళ్ళు నడిపే మోడల్‌దే!

ముక్కని జేబులో వేసుకుంది. పోలీసుల దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. కానీ ముందు అది ఎవరిదో తెలియాలి.

రాత్రి హోటల్ షెడ్డులో టార్చి వేసి బండ్లన్నీ చూసింది.

ఒక్క బండికే ఎడమ ఇండికేటర్ పగిలి ఉంది. ముక్క పెడితే సరిగ్గా అతుక్కుంది.

చిన్నా బండి!

వాణ్ణి అడగలేకపోయింది. అన్నాల దగ్గర వాడు "ఏంటి వదినా, అలా ఉన్నావ్?" అంటే కంచం తోసేసి లేచిపోయింది. అందరూ చూశారు. నేరుగా కెప్టెన్ గదికి వెళ్ళి చెప్పుకుని ఏడ్చింది. "మా వాడైనా సరే, అన్నయ్యా. రేపు కొండ దిగగానే పోలీసులకి చెప్పేస్తాను."

కెప్టెన్ తల నిమిరాడు. "నేనే తీసుకెళ్తా చెల్లెమ్మా. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

ఆయన ఉంటే అందరికీ ధైర్యం. దారులన్నీ ఆయనకి కంఠతా. దారి దోపిడీల భయానికి నడుముకి లైసెన్సు పిస్టల్ కూడా ఉంటుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు అదే కెప్టెన్ ఆమె చెవిలో చెప్పాడు. "వాడికి తెలిసిపోయిందమ్మా. కళ్ళు చూశావా? వాడి కోసం ఆగకు, బయల్దేరు. జాగ్రత్త!"

జాగ్రత్త అంటే ఎలా? కొండ మీద, చీకట్లో, ఫోన్‌లో సిగ్నల్ కూడా లేకుండా!

లైటు దగ్గరికి వచ్చేసింది...

"వది...!" గాల్లో ఏదో అరుపు. సగం ఇంజన్ మింగేసింది.

ఆమె ఇంకా యాక్సిలరేటర్ తిప్పుతుంది.

అదిగో!

రోడ్డు రెండుగా చీలే చోట నారింజ కోటు! మార్కర్!

ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. టూర్‌లో ప్రతి కూడలిలోనూ ఒక బండి ఆగుతుంది. నడిపేవాడు నారింజ కోటు వేసుకుని చెయ్యి చాపి దారి చూపిస్తాడు. వెనకొచ్చేవాళ్ళు ఆ చెయ్యి చూసి తిరగడమే. మ్యాపులు లేవు, ఆలోచనలు లేవు. తోకని కళ్ళారా చూసేదాకా మార్కర్ అక్కణ్ణించి కదలడు. చూశాక పొడుగ్గా ఒక హారన్ కొట్టి అప్పుడు బయల్దేరతాడు. వానొచ్చినా, వరదొచ్చినా అంతే. కెప్టెన్ పెట్టిన రూలు.

ఈ కూడలిలో మార్కర్ పళ్ళ డాక్టరు. నిన్న రాత్రే వంతులు వేసుకున్నారు.

"డాక్టర్ గారూ! వెనక వాడు..."

మార్కర్ మాట్లాడడు. ముఖం మీద నల్లటి అద్దం. చెయ్యి ఊపుతాడు. ఎడమకి! ఎడమకి! త్వరగా!

ఆమె ఎడమకి తిప్పేస్తుంది.

హారన్ వినపడదు.

అదేంటి?

దారి పల్లానికి జారుతోంది. మట్టి వాసన. పక్కన పొదల్లో ఏదో ఎర్రగా తెల్లగా... పక్కకి లాగి పడేసిన అడ్డకర్ర!

ఇంకేదో తేడాగా ఉంది. మార్కర్ పక్కన బండి. ఆ బండి...

ముక్కు!

'చెయ్యి లాగితే దించుకోండి. బండి ముక్కు మాత్రం వెళ్ళాల్సిన దారి వైపే పెట్టి ఆపాలి.' అదీ కెప్టెన్ రూలే. టూర్లు తిరిగినవాడికి అది ఒంటికి పట్టేస్తుంది. నిద్రలో ఆపినా అలాగే ఆపుతాడు.

ఆ బండి ముక్కు కుడివైపు ఉంది!

బ్రేక్!!

వెనక చక్రం పక్కకి ఈడ్చుకుపోతుంది. కంకర ఎగురుతుంది. బండి జారుతూ, జారుతూ, జారుతూ...

ఆగుతుంది.

ముందు చక్రానికి జానెడు దూరంలో రోడ్డు అయిపోయింది. తారు, కమ్మీలు, తర్వాత ఏమీ లేదు. వంతెన కొట్టుకుపోయి ఎన్నాళ్ళయిందో. ఒక రాయి జారి పడుతుంది. చాలాసేపటికి కింద నీళ్ళలో చప్పుడు.

ఆమె రెండు కాళ్ళూ నేలకి ఆనిస్తుంది.

వెనక లైటు!

చిన్నా పల్లంలోకి దూసుకొస్తున్నాడు. ఆమె వెంటే, అదే వేగంతో. వాడికి వంతెన సంగతి తెలియదు.

ఆమె పక్కకి తప్పుకుంటే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు. తనని చంపడానికి వచ్చేవాడు తనంతట తనే...

బండి స్టాండు వేసిందో లేదో ఆమెకే తెలియదు. లైటుకి ఎదురు పరిగెడుతోంది! రెండు చేతులూ చాపి!

"ఆగరా! చిన్నా, ఆగరా!! రోడ్డు లేదు!"

కీ...చ్!

బండి అడ్డం తిరిగి పడిపోతుంది. వాడు దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగుతాడు. హెల్మెట్ ఊడబీకుతాడు. మోకాలు చీరుకుపోయింది.

"పిచ్చా వదినా నీకు? ఎంతసేపట్నించి అరుస్తున్నా! ఆగవేం?"

"నన్ను చంపడానికి..."

"ఏంటీ?"

ఆమె జేబులోంచి ముక్క తీసి వాడి ముఖం ముందు పెడుతుంది. "ఆ పెద్దాయన్ని గుద్దింది నీ బండేగా? నీ ఇండికేటర్ ముక్కేగా ఇది?"

వాడు ముక్క తీసుకుంటాడు. పడిపోయిన బండి లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"ఇది నాది కాదు."

"అబద్ధాలాడకు!"

"చూడు వదినా. నాది పోయిన నెల బీటలిస్తే నీ ఎర్ర నెయిల్ పాలిషే కదా పూసుకున్నా? సీసా ఖాళీ చేశానని తిట్టావు కూడా. ఏదీ పాలిష్?"

ముక్క నారింజ రంగులో శుభ్రంగా ఉంది. ఎక్కడా ఎరుపు చుక్క లేదు.

రాత్రంతా ఆ ముక్కని గుప్పిట్లో పెట్టుకుని ఏడ్చింది. ఒక్కసారి సరిగ్గా చూడలేదు!

"పొద్దున కెప్టెన్ బండి తిరుగుతుంటే చూశా," వాడు రొప్పుతూ చెప్తాడు. "ఎర్రచుక్క పెట్టిన ఇండికేటర్ ఆయన బండికి వెలుగుతోంది. నా బండికేమో పగిలింది ఉంది. రెండు స్క్రూలు, ఒక వైరు... మార్చేయడం ఎంతసేపు? నీకు చెబుదామనుకునేలోగా గది తాళాలు ఇచ్చి రమ్మని నన్ను లోపలికి పంపాడు. వచ్చేసరికి మీరు లేరు."

ఆమె అక్కడే కూలబడుతుంది.

"నిజంగా నన్ను పట్టిద్దామనుకున్నావా వదినా?"

"అవునురా."

వాడు ముక్క ఆమె చేతిలో పెట్టేస్తాడు.

"పట్టించేదాన్నే. ఆ తర్వాత రోజూ జైలుకి క్యారేజీ తెచ్చేదాన్ని." ఆమెకి ఏడుపు ఆగదు. "నన్ను క్షమించరా నాన్నా."

"ఏడుపులు ఇంటికెళ్ళాక. లే! పద ఇక్కణ్ణించి!"

ఆమె తన బండి వెనక్కి లాగి కూడలి వైపు తిప్పుతుంది. ఎక్కుతుంది. ఇంజన్ అందుకుంటుంది. ఫస్ట్ గేర్. క్లచ్ వేళ్ళ కింద బిగబట్టి ఉంది. చిన్నా కుంటుతూ వచ్చి పక్కన నిలబడతాడు.

"తొందరేం లేదులే చెల్లెమ్మా."

పొగమంచులోంచి నారింజ కోటు నడిచొస్తోంది. నల్లటి అద్దం పైకి లేస్తుంది.

కెప్టెన్!

చేతిలో పిస్టల్.

"ఆ ముక్క ఇలా విసిరెయ్. ఇంజన్ ఆపు."

ఆమె ఆపదు.

"మీ ఇద్దరికీ పడట్లేదని నిన్న అన్నాల దగ్గర అందరూ చూశారు," కెప్టెన్ దారి వివరించినంత నెమ్మదిగా చెప్తాడు. "వదిన పారిపోయింది, మరిది తరిమాడు, చీకట్లో ఇద్దరూ వంతెన మీంచి పడ్డారు. పాపం. పగిలిన ఇండికేటర్ కూడా వాడి బండికే ఉంది. ఎవరూ నా వైపు చూడరు. నీకెలా తెలిసిందమ్మా? ఎందుకాగావ్?"

"నీ చెయ్యి అబద్ధం చెప్పింది," అంటుందామె. మీరు అనే మాట నోటికి రాదు. "నీ బండికి అబద్ధాలు రావు. ముక్కు కుడివైపు పెట్టి ఆపావు."

కెప్టెన్ కూడలి వైపు ఓసారి చూస్తాడు.

"అలవాటు," అంటాడు.

"ఆ ముసలాయన ఇంకా బతికే ఉన్నాడు నువ్వెళ్ళిపోయేటప్పుడు. ఆగుంటే బతికేవాడు."

"ఆగితే నేను పోయేవాణ్ణి!" పిస్టల్ పైకి లేస్తుంది. "దిగు!"

"పళ్ళ డాక్టర్ని ఏం చేశావ్?"

"ఏం చేస్తా? కోటు తీసుకుని ముందుకి పంపేశా. ఇక్కడెవరూ లేరు. దిగమన్నానా!"

ఆమె నవ్వుతుంది. ఎందుకో ఆ క్షణాన నవ్వొచ్చింది.

"వెళ్ళమంటే వెళ్ళిపోతాడా? తోకని కళ్ళారా చూడకుండా మార్కర్ కదలకూడదని వాళ్ళ చేత ఒట్టేయించుకుంది నువ్వే కదా!"

కెప్టెన్ ముఖంలో రంగు మారుతుంది.

వెనక పొగమంచులో ఎవరో గొంతు సవరించుకుంటారు.

"కెప్టెన్ గారూ... నేను... మలుపు దాటి ఆగిపోయానండీ. తోక ఇటు తిరిగిందేంటా అని..."

కెప్టెన్ గిర్రున తిరుగుతాడు. పిస్టల్ ఆ గొంతు వైపు!

ఆమె క్లచ్ వదిలేస్తుంది.

ఒక్కసారిగా!

బండి దూకుతుంది.

ఢాం!!

పిస్టల్ చప్పుడు కొండకి కొట్టుకుని తిరిగి వస్తుంది. బండి కింద కెప్టెన్. అరుస్తున్నాడు, కాలు చూపించి. పిస్టల్ కంకర మీద జారుకుంటూ వస్తే చిన్నా బూటుతో తొక్కిపెడతాడు.

ఆమె మోచేతుల మీద లేస్తుంది. నోట్లో మట్టి.

"డాక్టర్ గారూ!"

ఇంకా గట్టిగా పిలుస్తుంది.

"డాక్టర్ గారూ!!"

పొగమంచు కదలదు. చిన్నా ఆమె చెయ్యి పట్టుకుంటాడు. వాడి వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ రూలు, తన నవ్వు ఆ మనిషిని చంపేశాయా...

అప్పుడు వినపడుతుంది.

పొడుగ్గా... ఒక హారన్!