నలభై కణాల తగువు

"నా కణాలకు జబ్బని ఎవరండీ తేల్చింది?"

లెక్కలబ్బాయి కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఎదురుగా తెల్లకోటు, చేతిలో తను పంపిన మెయిలు ప్రింటు, ముక్కు మీద కోపం. కింది అంతస్తు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. ఒక్క గుండెకణం కోసం గంటల తరబడి కదలకుండా కూర్చుంటుందని అందరూ ఆమెను నిదానమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావులు ఆ పూట ఆమె కంట పడకపోవడమే మంచిదైంది.

"నేను కాదండీ, నా మోడల్ తేల్చింది."

"అబ్బో! మీ మోడల్ ఎప్పుడు డాక్టరైంది?"

నిజానికి ఇద్దరిదీ ఒకటే పని. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక్కో కణం పొరలో సన్నటి తలుపులు తెరుచుకుంటాయి, క్యాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అదో చిన్న కరెంటు. నిదానమ్మ దాన్ని వెంట్రుక కన్నా సన్నటి గాజుగొట్టంతో కొలిచి ఫైలు పైకి పంపుతుంది. అతను దాన్ని సమీకరణాల్లో పెట్టి కంప్యూటర్‌లో ఓ గుండెకణాన్ని ఆడిస్తాడు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. మధ్యలో ఉన్నది ఇరవై రెండు మెట్లే. ఆ మెట్లు అయ్యగారు ఒక్కసారీ దిగలేదు.

"చూడండి, మొదటి ఇరవై కణాలూ నా గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. తర్వాతి నలభైలో తలుపులు మూసుకోవడానికి మూడింతలు టైమ్ పడుతోంది. కణాలు చచ్చిపోతూ ఉండాలి. లేదా..."

"లేదా?"

"చెయ్యి తిరగక..."

నోరు జారింది. ఇంకేముంది!

"ఆడలేక మద్దెల ఓడన్నాడట, మీలాంటివాడే! నలభై కణాలంటే నాకు ఆరు నెలలండీ. శుక్రవారం మీటింగ్‌లో పెద్దమేడమ్ వాటిని తీసేయమన్నారనుకోండి, నా థీసిస్ అక్కడితో సరి. మళ్ళీ మొదలెట్టడానికి నాకు గడువు లేదు. రేపు కిందికొచ్చి ఒక్క కణాన్ని కళ్ళారా చూడండి. అప్పుడు కూడా జబ్బంటే నోరెత్తను."

మర్నాడు పొద్దున్నే అతను మెట్లు దిగాడు. బయట సన్నగా వాన పడుతోంది. ల్యాబ్‌లో లైట్లన్నీ తగ్గించి నిదానమ్మ మైక్రోస్కోప్ ముందు కూర్చుంది.

"బల్లకి ఆనుకోకండి. కదిలితే కణం ఊడిపోతుంది. గట్టిగా ఊపిరి కూడా తీయకండి."

"మరి ఎప్పుడు తీయాలండీ?"

"నేను చెప్పినప్పుడు."

అతను బుద్ధిమంతుడిలా ఊపిరి బిగబట్టాడు. మైక్రోస్కోప్‌లో కణం కనిపించింది. సన్నటి చారలతో పొడుగ్గా, ఇటుకరాయిలా ఉంది. నిదానమ్మ గాజుగొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున దించుతూ, రబ్బరు ట్యూబ్‌ని పెదాల మధ్య పెట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చింది. గొట్టం కణాన్ని పట్టుకుంది. ఇంత ఓర్పున్న మనిషిని పట్టుకుని చెయ్యి తిరగలేదని అన్నానా అని అతనికి సిగ్గేసింది.

"స్క్రీన్ అటుందండీ," అంది ఆమె, తల తిప్పకుండానే.

"ఆఁ... చూస్తున్నానండీ."

"నన్ను చూస్తున్నారు."

అతను గబుక్కున స్క్రీన్ వైపు తిరిగాడు. కరెంటు గీత కిందికి దిగి, తాపీగా పైకొస్తోంది. మళ్ళీ అదే మూడింతలు! కణం చూస్తే నిక్షేపంగా ఉంది. అతనికి ఏమీ పాలుపోలేదు. దిక్కులు చూస్తుంటే ట్రేలో రెండు సీసాలు కనపడ్డాయి, తారీఖుల చీటీలతో.

"ఇవి రెండెందుకండీ?"

"గొట్టంలో నింపే ద్రవం. మొదటిది వాడితే కరెంటు రాగానే కణం ముడుచుకుని ఊడొచ్చేది. అందుకని ఇరవై కణాల తర్వాత, క్యాల్షియాన్ని పీల్చేసే మందు పది రెట్లు కలిపి రెండోది చేశాను. నా నోట్‌బుక్‌లో తారీఖుతో సహా ఉంది."

అతను వంగి చీటీల మీది తారీఖులు చూశాడు. లోపలికి వచ్చిన క్యాల్షియమే వెళ్ళి తలుపు మూస్తుందని అతని సమీకరణం. దాన్ని మందు పీల్చేస్తే ఇక తలుపు మూసేదెవరు? కణాలు నిక్షేపం. జబ్బు మోడల్‌కే.

"ఈ సంగతి ఫైల్‌లో రాయలేదేంటండీ?"

"ఆ గడి ఎక్కడుంది? ఫైల్‌తో పంపే ఫారం తయారుచేసింది మీరేగా. నన్నడిగితే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని."

అతను రెండు సీసాల తారీఖులూ రాసుకుని మెట్లెక్కాడు.

సాయంత్రం ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ అక్క అడిగింది. "ఏంట్రా, మొహం అలా వేలాడేశావ్?"

అంతా చెప్పాడు. ఆ నలభై కణాలూ పనికిరావని రాసిన అతని పేపరు అప్పటికే సైన్సు పత్రికకు వెళ్ళిపోయింది. నిజం చెబితే దాన్ని వెనక్కి తీసుకోవాలి. చెప్పకపోతే నిదానమ్మ ఆరు నెలలు గంగపాలు.

"చెప్పాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నావట్రా, సన్నాసీ?"

"ఛ! చెప్పేస్తానక్కా. ఆ తర్వాత ఆ అమ్మాయి మొహం ఎలా చూడాలా అని."

అక్క చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. "ఓహో! అక్కడిదాకా వచ్చిందా సంగతి!"

శుక్రవారం మీటింగ్‌లో అతనే ముందు లేచాడు. "తప్పు కణాలది కాదు మేడమ్. నాది." సమీకరణంలో ఆ మందుకూ చోటిచ్చి మోడల్ నడిపించాడు. నలభై కణాలూ ఒక్కొక్కటే వచ్చి గీత మీద కూర్చున్నాయి.

పెద్దమేడమ్ కళ్ళద్దాలు తీసింది. "పేపరు వెనక్కి తీసుకోవాలి. తెలుసుగా?"

"తెలుసు మేడమ్. ఉత్తరం రాసి తెచ్చాను."

"సరే. నలభైనీ ఉంచండి."

గదిలో అందరూ అతన్నే చూశారు, నిదానమ్మ తప్ప. ఆమె నోట్‌బుక్‌లోంచి తల ఎత్తనే లేదు. అతనికి ప్రాణం ఉసూరుమంది. పైకెళ్ళి మేడమ్‌కి మెయిలు పెట్టాడు, ఇక కింది ల్యాబ్ ఫైళ్ళు వేరేవాళ్ళకి ఇవ్వండి అని. నిదానమ్మకీ ఓ కాపీ పంపాడు.

పది నిమిషాలు కాలేదు, మెట్ల మీద దడదడా అడుగులు.

"ఏంటండీ ఈ మెయిలు?"

"ఇంత చేశాక నా మొహం చూడ్డం మీకు ఇష్టముండదని..."

"అని ఎవరు చెప్పారు?"

"మీటింగ్‌లో ఒక్కసారి కూడా నావైపు చూడలేదుగా. అందుకని..."

"అందుకని తేల్చేశారు! ఏడుపొస్తుంటే అందరి ముందూ తలెత్తుతారా ఎవరైనా? నా కష్టం నిలబెట్టడానికి మీ పేపరు వదులుకున్నారు. నాకెలా ఉంటుందో తెలుసా? తీరా చూస్తే మళ్ళీ మొదటికి! నా మనసులో ఏముందో నన్నడక్కుండా మీరే రాసేసి, మేడమ్‌కి పంపించేస్తారా?"

ఆమె కళ్ళు నిండిపోయాయి. అతను లేచి నిలబడ్డాడు. గుండె అదుపులో లేదు. దాని సమీకరణాలన్నీ కంఠతా వచ్చి ఏం లాభం!

"అయితే అడుగుతున్నాను. నాకు మీరంటే చాలా ఇష్టం. మీకు... నేనంటే ఇష్టమేనా?"

ఆమె కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది.

"ఇష్టమే."

అతను కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. "మరి మీ ఇంట్లో ఒప్పుకోరేమో. మీ నాన్నగారు బహుశా..."

నిదానమ్మ అతన్ని ఒక్క చూపు చూసింది. అతను ఠక్కున ఆగి, నాలిక కరుచుకున్నాడు.

"ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?" అని అడిగాడు.