తీగ పీకేసిన స్మోకర్

సౌభాగ్య స్మోకర్ వెనక మూత విప్పి, చిప్‌కు వెళ్లే తీగను పుటుక్కున పీకేసింది.

అప్పటికి వరంగల్‌లో గ్యాస్ పొయ్యిలు పోయి ఇంటింటికీ పెల్లెట్ స్మోకర్ వచ్చేసింది. రంపపు పొట్టును గింజల్లా నొక్కి చేసినవే పెల్లెట్లు. అవి కొద్దికొద్దిగా నిప్పులో పడుతుంటే ఆ పొగవేడికి మాంసం మెల్లగా మగ్గుతుంది. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ నళినీకాంత్ అందులో చిప్ పెట్టి దానికి కొత్త విద్య నేర్పాడు. చేతి పట్టీ ద్వారా ఎవరి నాలుక ఏం కోరుతోందో కనిపెట్టి, ఎవరి అరలో వాళ్లకు వండిపెడుతుంది. వంక పెట్టడానికి లేదు. కానీ ఒకరి ముక్క ఇంకొకరికి సహించదు. సౌభాగ్య భర్త ఓదెలు, అత్త లచ్చవ్వ, కూతురు హిమజ ఎవరి గిన్నె వాళ్లు పట్టుకుని తలో మూలకి పోయేవాళ్లు.

సిగ్నల్ ఆగిందని నళినీకాంత్ పరుగున వచ్చాడు.

"చిప్ లేకపోతే మాడిపోతుందమ్మా. ఇలాగైతే మెషిన్ వెనక్కి తీసుకెళ్తాం."

"తీస్కపోతే తీస్కపోండ్రి. ఉన్నన్ని దినాలు మాత్రం నేనే వండుత."

మొదటిసారి పైన బొగ్గు, లోపల పచ్చి. మరోసారి చెప్పు తోలు.

"గా తీగ పెట్టరాదే, ఆకలైతాంది," అన్నాడు ఓదెలు.

"ఆకలైతే ఆగు."

తెల్లని దట్టమైన పొగలో పెడితే మాంసం చేదెక్కుతుందని, పొగ పలచబడి నీలంగా మారేదాకా ఆగాలని, మాటిమాటికీ మూత తీస్తే వేడి నిలవదని, దించిన వెంటనే కోస్తే రసమంతా కారిపోతుందని చేతులు కాల్చుకుంటూ నేర్చుకుంది.

ఒక ఆదివారం నళినీకాంత్‌నే భోజనానికి పిలిచి, పొట్టేలు తొడ మొత్తం ఒకే పళ్లెంలో తెచ్చి పెట్టింది.

"ఉప్పు సాలలేదు," అంది లచ్చవ్వ.

"నాకు కారం ఎక్కువైంది," అంది హిమజ.

ఓదెలు తల్లి వైపు మాట్లాడాడు. గొడవ మొదలైంది. ఆ గొడవలోనే లచ్చవ్వ మనవరాలి ముందున్న మూలుగ ఎముకను లాగేసుకుంది.

నళినీకాంత్ చేతి పట్టీల నుంచి తృప్తిని కొలిచే తన మీటర్ చూశాడు. అందరి తృప్తీ సగానికి కిందే ఉంది. పళ్లెం మాత్రం ఖాళీ అవుతోంది.

"మీటర్ తప్పు చూపిస్తోందా?"

"సక్కగనే సూపిస్తాంది సార్. నచ్చకున్నా కలిసి తింటున్నం."

ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "మొట్టమొదటి స్మోకర్ మా ఇంట్లోనే పెట్టాను. మా ఆవిడ నాలుకకు ఏది ఇష్టమో దానికి తెలుసు. నాకే తెలియదు." ముక్కను పళ్లెంలో పెట్టి, "ఆమెకో ముక్క కట్టిస్తారా?" అని అడిగాడు.

"కట్టియ్య," అంది సౌభాగ్య. "మీ ఇంటామెను తోల్కొని రాండ్రి. ఈడనే పక్కన కూసోని ఏది ఇష్టమో అడుగుండ్రి."