ఆముదంలో గాజు

యోహానును కాల్చేశారన్న కబురు బుధవారం పొద్దున వచ్చింది. మధ్యాహ్నానికల్లా అతని పని జానయ్య నెత్తిన పడింది.

మాచర్లలో మూతపడ్డ జిన్నింగు మిల్లు వెనక ఒక గది. కృష్ణకు ఇవతల ఇండియన్ యూనియన్ రాజ్యం, అవతల నిజాం రాజ్యం. అవతలి సంగతులు కనిపెట్టే చిన్న రహస్య విభాగం ఆ గదిలో ఉంది. దాని చీఫ్ రామచంద్రం, యుద్ధకాలంలో సైన్యంలో దుర్బిణులు బాగుచేసిన మనిషి.

"కూర్చో, ఏజెంట్ నైన్."

జానయ్య కూర్చున్నాడు. గూఢచారులకు భయం ఉండదని కథలు చెప్పేవాళ్లు అంటారు. జానయ్యకు ఉంది. గుండ్రటి తోలు పడవ, పుట్టి ఎక్కి ఏరు దాటిన ప్రతిసారీ అవతలి ఒడ్డు చేరేదాకా దాని అంచు వదిలేవాడు కాదు. భయమంటే తెలియని యోహాను "పోయొస్త జానన్నా" అని నవ్వుకుంటూ పుట్టి ఎక్కాడు. మళ్లీ రాలేదు.

"ఎట్ల దొరికిండు సార్?"

"అవతలికి చేర్చాల్సిన లెన్సును జొన్నల మూటలో పెట్టుకుపోయాడు. గేటు దగ్గర మూటలోకి ఇనప చువ్వ దింపారు. ఖంగుమంది."

రామచంద్రం మ్యాపు పరిచాడు.

"దేవరకొండ అవతల రఘుపతిరావు దొర గడి, కోటలాంటి ఇల్లు. ముందున్న మెట్ట చెలకను చదును చేశారు. అదే రన్‌వే. విదేశీ తుపాకుల ముఠా విమానం శనివారం మునిమాపు దిగుతుంది. పైలట్ పేరు మోరెల్. సరుకు మెషిన్ గన్లు. అవి చేతికి రాగానే దొర వెళ్లేది మల్లెబోయినగూడెం మీదికి."

జానయ్య మ్యాపు మీదికి వంగాడు. మల్లెబోయినగూడెం అతని ఊరు. వెట్టి మానేసిన ఊరు, లెవీ ధాన్యం ఇయ్యబోమన్న ఊరు. ఊరంతా పాత బురుజెక్కి వడిసెల రాళ్లతో కాచుకుని ఉంది. రాళ్లందించే ఆడవాళ్లలో అతని తల్లి హనుమమ్మ ఉంది. మెషిన్ గన్ ముందు వడిసెల ఎంతసేపు ఆగుతుంది?

"ఈ మబ్బుల్లో విమానానికి దారి చూపేది గడి మిద్దె మీది సిగ్నల్ ల్యాంపు ఒక్కటే," అన్నాడు చీఫ్. "ఉత్త దీపం వెలుగు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. దీపాన్ని ఫోకస్‌లో పెట్టి ముందు లెన్స్ నిలబెడితే, చెదిరే కిరణాలన్నీ వంగి ఒక్క మోకులాగా సాగిపోతాయి. ఆ బీమ్ మైళ్ల దూరానికి అందుతుంది."

బల్ల మీద అరచేతి వెడల్పు గాజుబిళ్ల పెట్టాడు.

"ఇది మనం చేయించింది. కొలత అదే, అంచు అదే. వంపు మాత్రం తక్కువ. దీన్ని పెడితే కిరణాలు చాలినంత వంగవు. దగ్గరున్నవాడికి జాతర వెలుగులా ఉంటుంది. పైనున్నవాడికి మసక తప్ప ఏమీ కనిపించదు."

"ఉన్నదాన్నే పలగ్గొడ్తె అయిపాయె గద సార్?"

"పగిలిందని తెలిస్తే చెలక నిండా మంటలు వేస్తారు. దీపం భేషుగ్గా ఉందని దొర నమ్మాలి. మోరెల్ మాత్రం దారి తప్పాలి."

"మరి గేటు ఎట్ల దాటుడు?"

రామచంద్రం రెండు గ్లాసులు ముందుకు జరిపాడు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో వడగట్టిన ఆముదం. సన్నని గాజు కడ్డీని నీళ్లలో ముంచాడు. నీటి అంచు దగ్గర విరిగినట్టు వంకరపోయింది కానీ తెల్లగా కనిపిస్తూనే ఉంది. తుడిచి ఆముదంలో ముంచాడు. మునిగినంత మేర కడ్డీ లేదు. పైకి లాగితే ఉంది.

జానయ్య కుర్చీ వెనక్కి జరిగింది. "మంత్రమా సార్?"

"వెలుగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయేటప్పుడు దాని వేగం మారుతుంది. వేగం మారినచోట దారి వంగుతుంది. కొంత వెనక్కి తిరిగి మెరుస్తుంది. ఆ వంపూ ఆ మెరుపూ చూసే మనం అదుగో గాజు అంటాం. ఆముదంలోనూ గాజులోనూ వెలుగు వేగం ఇంచుమించు ఒకటే. మధ్యలో ఇంకో వస్తువు వచ్చిందని వెలుగుకే తెలియదు. దానికి తెలియంది కంటికెలా తెలుస్తుంది?"

"ఇంచుమించా సార్?"

"ఇంచుమించే," అన్నాడు చీఫ్, కిటికీలోంచి ఎటో చూస్తూ. "మూటల్లో చువ్వ దింపుతారు, డబ్బాల్లో దింపుతారు. గాజు సీసాలో దింపరు. లోపల ఏముందో కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది కదా."

ఆ తరువాత గొంతు తగ్గించాడు. "లోపల ల్యాంపు ఆపరేటర్ ఒక ఆడది. హైదరాబాదు స్టేజీ మీద పాడేది. కోడ్ పేరు బిల్లోరి. మోరెల్‌కు పనిచేస్తుంది, మనకూ చేస్తుంది."

"అసలు ఎవలి దిక్కు సార్?"

"అది తెలిస్తే నేనూ నిద్రపోదును."

* * *

శనివారం పొద్దు వాలుతుండగా వీపు వంగిన, గానుగ ఆడే ఒక ముసలి గాండ్లవాడు గడి గేటు ముందు నిలబడ్డాడు. భుజాన పోచంపల్లి తేలియా రుమాలు. రొమ్ముకు పసిబిడ్డలా హత్తుకున్న వెడల్పు మూతి పెద్ద గాజు సీసా, నిండా ఆముదం. జుట్టు నెరిసినట్టు నెత్తిన పిండి రాసుకున్న జానయ్యే ఆ ముసలివాడు.

కావలివాడు యాదగిరి చువ్వ నేలకు తాటించాడు. "ఏందిరా?"

"వెట్టి నూనె, బాంచెన్. దొరగారి దివిటీలకు, బండ్ల ఇరుసులకు."

యాదగిరి సీసా లాక్కుని మబ్బుల సందులోంచి పడే ఎండకు పట్టాడు. బంగారు రంగు ఆముదంలోంచి అవతల అతని వేళ్లు ఉబ్బి కనిపించాయి. లెన్స్ లేదు. అది ఉన్నచోట ఉత్త ఆముదమే.

అప్పుడు సీసా కుదుపుకు అడుగునుంచి ఒక గాలిబుడగ లేచింది. చిక్కటి నూనెలో తాపీగా పైకి పాకి, నడిమధ్యలో దేనికో తగిలి ఆగింది. ఆ లేని వస్తువు కడుపు కింద గుండ్రంగా దొర్లుకుంటూ, దాని అంచు మొత్తం గీత గీసినట్టు చూపిస్తూ వెళ్లింది.

యాదగిరి కళ్లు చిట్లించాడు. "గీ బుడగేంది, వంకర తిరుక్కుంట పోతాంది?"

జానయ్య చెవుల్లో గుండె చప్పుడు. యోహాను విన్న చివరి చప్పుడూ ఇదే అయుంటుంది.

"కొత్త నూనె, బాంచెన్. గానుగ చుట్టు తిరిగి తిరిగి వచ్చింది. ఇంక తిరుగుడు మరువలే."

యాదగిరి ఒక్క క్షణం చూసి పకపకా నవ్వాడు. "పో, ముసలి నక్కా!"

* * *

మిద్దె మెట్ల మీద ఆమె నిలబడి ఉంది. జరీ అంచు నారాయణపేట చీర, కాటుక, చేతుల నిండా నీళ్లలాంటి తెల్లని బిల్లోరి గాజులు. కాపలాకు ఇద్దరు తుపాకులతో.

"ఆముదం ఏ గింజది?" అంది. అది కోడ్.

జానయ్య జవాబు మరిచి ఆమె మొహం చూశాడు. ఆ మొహం అతనికి తెలుసు. మేనమామ కూతురు మంజులత. పెళ్లి మాటలు నడుస్తుండగానే నాటకం కంపెనీ బండెక్కిన మరదలు. ఆనాడు "పోయొస్త" అనలేదు. "పోత బావా" అంది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లూ అతని చెవిలో ముల్లులా ఉంది. ఆ గాజుల్లో ఒకటి కురుమూర్తి జాతరలో అతను కొనిచ్చిందే. మిగతావాటికంటే ఇరుకు, మణికట్టుకు అతుక్కుని ఉంది.

ఆమె గుర్తుపట్టింది. కనురెప్ప కూడా ఆడించలేదు. ఇప్పుడు నోరు తెరిచి ఒక్క పేరు పలికితే చాలు.

"చెవుడా ముసలోడా? ఏ గింజది అంటున్న."

"వానకు... వానకు తడవని గింజది, అమ్మా."

"తే. దీపం కీళ్లకు వెయ్యాలె."

సీసా ఆమెతోపాటు మిద్దె మీది ల్యాంపు గదిలోకి పోయింది. జానయ్య మెట్ల కింద కూలబడ్డాడు. పట్టిస్తే ఆమె పిలుపు ముందు ఎవరికి? దొరకా? తుపాకివాళ్లకా?

ఆమె తిరిగొచ్చి సీసా అతని ఒడిలో పడేసింది. "కనరు కంపు. ఎత్తుకపోయి మంచిది తే." ఆ తరువాత పెదవులు కదలకుండా, "మార్చిన. ఇప్పుడు దీంట్ల ఉన్నది అసలుది. జల్ది పో."

జానయ్య లేచాడు. గేటు దాకా పోలేదు.

"ఆముదమా అది? ఇటు తే!" చావట్లోంచి దొర కేక. "నెత్తి పొయ్యి లెక్క కాల్తాంది. కనరుదైతేంది, తాగుతనా? రుద్దు!"

పడక కుర్చీలో రఘుపతిరావు దొర, బట్టతల, పక్కన పిస్తోలు. జానయ్య గరిటెతో తీసి మాడున పోసి రుద్దసాగాడు. "ఇంకింత పొయ్యిరా, పిసినారీ!" ఒక్కో గరిటె తీసినకొద్దీ సీసాలో మట్టం దిగుతోంది. ఆముదంలో మునిగినంతసేపే మాయ. బయటపడితే గాజు గాజే. సీసా గోడకు వాలి నిలబడ్డ లెన్స్ పైఅంచు మెల్లగా నూనెలోంచి తేలింది. విదియ చంద్రవంకలా ఒక సన్నటి గీత. కిటికీ ఎండ దానిమీద పడి చురుక్కున మెరిసింది.

"గోడ మీద గా మెరుపేందిరా?" దొర తల తిప్పబోయాడు.

"అయ్యో దొరా, గట్లనా రుద్దేది?" మంజులత గబగబా వచ్చి జానయ్యను పక్కకు నెట్టింది. "మొరటు చేతులు. తలకాయ వలిచేటట్టున్నడు." మోచేతి దాకా చెయ్యి సీసాలో ముంచింది. నిలబడ్డ లెన్స్ అడుక్కి జారి, చంద్రవంక మునిగిపోయింది. చేరెడు నూనె తీసి దొర నడినెత్తిన కుమ్మరించింది. అది నుదుటి మీదుగా కారి రెండు కళ్లలోనూ నిండింది.

"కండ్లల్ల పడ్డదే!"

"తుడుస్త, ఆగండి," అంటూ ఆ నూనె చేత్తోనే తుడిచింది. జానయ్య రుమాలు సీసా మూతికి కట్టేశాడు. ముడి మూడుసార్లు జారింది.

ఆకాశంలో సన్నటి మోత వినిపించింది. విమానం.

"గేటు మూయుండ్రి! దిగేదాక ఒక్కడు బయటికి పోవద్దు!" దొర కళ్లు నులుముకుంటూ మిద్దెక్కాడు. కళ్లెదుటే ఉంచుకునేందుకు కాపలావాళ్లు సీసాతో సహా జానయ్యనూ మిద్దె మీదికి తోశారు. మంజులత దీపం వెలిగించింది.

దొర చూశాడు. మొహం ముడుచుకుంది. "గిదేంది? దీపం చుట్టు గుండ్రాలు గుండ్రాలు. మోకు లెక్క పోతలేదు."

"ఆముదం పొర కంటిమీదుంది గద దొరా. వెలుగు చెదిరి గట్లనే అవుపడ్తది."

దొర పిస్తోలు తీసి ఆమె మెడకు ఆనించాడు. "నా కండ్లు పోయినయి సరే, యాదగిరి కండ్లు పోలే. యాదగిరీ! జూసి జెప్పు. ఏం తేడా ఉన్నా జెప్పు."

మోత నెత్తి మీదికొచ్చింది. జానయ్య సీసాను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. మంజులత అతని వైపు చూడలేదు.

గేటు మూసి పైకి వచ్చిన యాదగిరి మిద్దె అంచుకు పోయి తొంగిచూశాడు. బీమ్ కావలసిన వెలుగంతా చెదిరి గడి ముందే కుమ్మరించినట్టు పరుచుకుంది.

"అబ్బో! దొరా! చెలకంత పట్టపగలైంది! గడ్డిపోచ గుడ అవుపడ్తాంది. ఇంత వెలుగు ఎన్నడు లేకుండె!"

పిస్తోలు దిగింది. దొర మీసం కింద నవ్వాడు.

విమానం ఒక చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. మబ్బుల పైన గుడ్డి తుమ్మెదలా మోగి మోగి, దక్షిణానికి మళ్లి సన్నబడిపోయింది.

"వాడు గుడ్డోడా?" దొర ఆకాశం మీదికి అరిచాడు. "చెలకంత వెలుగుంటే అవుపడదా వానికి?"

ఆ గందరగోళంలో గేటు తెరిచారు. మంజులత సాగనంపినట్టుగా వెంట వచ్చింది.

"నువ్వు గుడ రా," అన్నాడు జానయ్య, పెదవులతోనే.

"నేను లేకపోతే లెన్సు విప్పి జూస్తరు. జూస్తే విమానాన్ని మళ్ల దించుకొని రేపు పొద్దుగాల అత్తమ్మ ఉన్న బురుజు కాడికి పోతరు." గొంతు పెంచింది. "పో ముసలోడా! ఇంకోసారి కనరుది తెచ్చినవంటే కాళ్లిరుగుతయి!"

అతను వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడకూడదని గూఢచారులకు నేర్పుతారు. జానయ్య ఆ పాఠం సరిగా నేర్వలేదు. మిద్దె మీద ఆ పనికిరాని వెలుగు, దాని ముందు ఆమె నీడ. రెండు పొలాలు దాటేసరికి వెలుగే కనబడకుండా పోయింది.

* * *

ఆదివారం మాచర్లలో రామచంద్రం నవ్వు దాచుకోలేకపోయాడు.

"పెట్రోలు అయిపోయి మోరెల్ మన ఒడ్డునే మిరప చేలో దిగాడు. పోలీసులు కుర్చీ వేసి టీ ఇచ్చారు. బురుజు దగ్గర అందరూ క్షేమం, మీ అమ్మతో సహా." చొక్కా చేతులు పైకి మడిచి సీసాలో చెయ్యి పెట్టాడు. లెన్స్ బయటికొచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి మళ్లీ చెయ్యి ముంచాడు. "అడుగున ఇంకేదో తగులుతోంది."

వేళ్ల మధ్య నూనె ఓడుతూ ఒక తెల్లని గాజు పైకొచ్చింది. చిన్నది, ఇరుకుది. ఆముదం జారినకొద్దీ లేనిచోటునుంచి ఉన్నట్టు అయింది.

దారిపొడుగునా రొమ్ముకు హత్తుకునే తెచ్చాడు. తెస్తున్నానని తెలియదు.

జానయ్య దాన్ని తీసుకుని రుమాలులో చుట్టి బొడ్లో దోపుకున్నాడు.

"అదేమిటి? రిపోర్టులో రాయాలి," అన్నాడు చీఫ్.

"ఏది సార్? నాకైతే ఏం అవుపడ్తలేదు."

రామచంద్రం చేతులు తుడుచుకుని మ్యాపు మడిచాడు.

"రేపు తెల్లవారుజామున సైన్యం సరిహద్దు దాటుతోంది. దేవరకొండ దారి చూపడానికి మొదటి పుట్టిలో కళ్లు బాగా కనపడే మనిషి ఒకడు కావాలట. నీకేమో ఏమీ కనబడదాయె..."

ఆ మాట ముగిసేసరికి గదిలో జానయ్య కూడా కనబడలేదు.