పాత డిస్కు, కొత్త పెట్టె

రైల్వే స్టేషన్ మెట్ల పక్కన చెప్పులు కుట్టుకుంటున్న మనిషిని పట్టపగలు కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. తాగి ఒరిగాడనుకుని జనం తప్పుకుని నడిచారు. ఒక పెద్దమనిషైతే తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, "ఏమయ్యా, లే, నా బండికి టైమైపోతోంది" అని విసుక్కున్నాడు కూడా.

చచ్చిపోయినవాడు చెప్పులు కుట్టేవాడు కాదు. సీక్రెట్ సర్వీస్ కొరియర్. డిపార్టుమెంటులో అందరూ అతన్ని పోస్టుమ్యాన్ అనేవారు. ఏజెంట్ ముంగిసకి స్వయానా తోడల్లుడు. శవాన్ని గుర్తుపట్టే పని ముంగిసకే తగిలించారు. ఇంటికెళ్లి చెప్పే పనీ అతనికే పడింది.

"ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా కదా బావా!" అంది మరదలు. ఏడుపు ఇంకా మొదలవలేదు, అర్థం కాకపోవడమే ఉంది. "ఆయన్ని చంపితే ఎవరికేం వస్తుంది బావా?"

ముంగిసది ఎవరికేం వస్తుందో చెప్పడానికి వీల్లేని ఉద్యోగం. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంటూ ఆఫీసుకి వెళ్లాడు.

చీఫ్ కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేళ్లతో టైప్ చేస్తున్నాడు. చెవిన పడిన ప్రతి మాటా, నోటి నుంచి వెళ్లిన ప్రతి ఆర్డరూ అప్పటికప్పుడు టైప్ చేసుకోకపోతే ఆయనకి నిద్రపట్టదు.

"చెప్పులు కుట్టే వేషం సంగతి ఎవరికి తెలుసు?" అన్నాడు తల ఎత్తకుండా.

"మీకు, నాకు, వాడికి."

"వాడు ఆఖరిసారి కలిసింది ఎవర్ని?"

"హోటల్ గాయనిని."

"ఇంకేం మరి? విదేశీ గూఢచారుల రింగులో మన మనిషి అనుకున్నాం. వాళ్ల మనిషే. డబుల్ ఏజెంట్‌ని నమ్మడం అంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే." కీబోర్డు మీద టకటకమంది. "గాయని పని ముగించు. ఇవాళే. టైప్ చేసేశా. ఇక వెనక్కి లేదు."

"అలాగే సార్." ఆ మాట అనడానికి ముంగిసకి కష్టమనిపించలేదు. అదే అన్నిటికన్నా చేదు.

హోటల్ బాల్‌రూమ్ మధ్యాహ్నం పూట బోసిగా ఉంటుంది. కుర్చీలు బల్లల మీద తలకిందులుగా బోర్లించి ఉన్నాయి. నీలం ఓవరాల్స్, దొంగ మీసం, చేతిలో సరంజామా పెట్టె. ముంగిస పియానో శ్రుతి చేసేవాడిలాగే నడిచి వెళ్లాడు. ట్యూనింగ్ ఫోర్కు పిడిలో విషపు సూది ఉంది. బటన్ నొక్కడమే తరువాయి, ఎగిరి గుచ్చుకుంటుంది.

వేదిక మీద పొడుగాటి నల్లగౌనులో గాయని ఒక్కతే ఉంది. ఈ ఊళ్లో ఆమె పాట వినడానికి రాని మంత్రి లేడు, ఆమెకి రహస్యం చెప్పుకోని షావుకారు లేడు.

"పియానోకి జలుబు చేసిందట?" అన్నాడు ముంగిస. కోడ్ మాట.

"గొంతు నాది, జలుబు దానిది." జవాబు కోడ్. ఆమె అతని చేతిలోని ఫోర్కు వంక చూసింది. "ఓ. అందుకొచ్చారా! రిహార్సల్ కాకుండానే?"

"పోస్టుమ్యాన్ నా తోడల్లుడు."

"అయ్యో." ఆమె ముఖం వాడిపోయింది. "ఆయన వేషం సంగతి నాకు మీరెవరైనా చెప్పారా? ఆయన చెప్పారా? నిన్న సాయంత్రం వ్యాపారి నోటే విన్నాను. చెప్పులు కుట్టేవాడిగా కూర్చుంటాడట అని నవ్వాడు. నేను కబురు పంపేలోపే కాల్చేశారు."

వ్యాపారి అంటే పాత సామాన్ల దుకాణం మాటున విదేశీ రింగు నడిపే బాసు. అతని ముఖం చూసినవాడు డిపార్టుమెంటులో లేడు.

"అతనికెవరు చెప్పారు?"

"మీ చీఫే. వ్యాపారి రోజూ ఒక స్క్రీన్ ముందు కూర్చుని చదువుతాడు. అక్షరాల వెనకాల బొమ్మలో ముందుపళ్లు ఊడిన పాప ఉంటుంది, ఒళ్లో పిల్లి."

ముంగిస చెయ్యి ఆగింది. ఆ పాప చీఫ్ మనవరాలు. ఆ బొమ్మ ఆయన కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేదు.

"అది పాత కంప్యూటర్. పోయిన నెల మార్చేశాం. కొత్తదాన్ని విప్పి, మదర్‌బోర్డూ ప్రాసెసరూ మెమరీ అన్నీ భూతద్దం పెట్టి చూశారు."

"నిన్న కూడా చూశానండీ, అదే పాప!"

అప్పుడు తట్టింది ముంగిసకి. మెషిన్ మార్చినరోజు అతను ఆ గదిలోనే ఉన్నాడు. ఆపరేటింగ్ సిస్టం కొత్తగా ఎక్కించుకుందాం సార్ అని మెకానిక్ బతిమాలాడు. చీఫ్ అంతెత్తున లేచాడు. నా సెట్టింగులు నాకు కావాలి, నా ఐకాన్లు ఎక్కడివక్కడ ఉండాలి, పాతదే ఉంచి తీరాలి అన్నాడు. మెకానిక్ ఏం చేస్తాడు? పాత డిస్కు ఊడదీసి కొత్త పెట్టెలో బిగించాడు. సిస్టం కాసేపు కొత్త పరికరాలకి డ్రైవర్లు వెతుక్కుంది, లైసెన్సు మళ్లీ అడిగింది, ఆనక లేచి కూర్చుంది. మనవరాలు మళ్లీ నవ్వింది. చీఫ్ అందరికీ టీ ఇప్పించాడు.

బయటినుంచి వచ్చిన పిన్నీసునైనా మూడుసార్లు తనిఖీ చేసే డిపార్టుమెంటు అది. పాత డిస్కుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మనదే కదా! మనవాటిని తనిఖీ చేయడం అక్కడ తప్పు కిందే లెక్క. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! రింగువాళ్ల స్పై ప్రోగ్రామ్ దర్జాగా కొత్తింట్లోకి మారింది. ఆ ఆనవాయితీకే తోడల్లుడు బలైపోయాడు.

"నన్ను చంపమన్న ఆర్డర్ నోటితో చెప్పారా, టైప్ చేశారా?" అంది గాయని.

"టైప్ చేశారు."

"అయితే వ్యాపారి చదివే ఉంటాడు, నేను మీ మనిషినని తెలిసిపోయి ఉంటుంది. తనకి తూటా ఖర్చు మిగిలిందని మురుస్తుంటాడు."

ముంగిసకి ఆమె మాట నమ్మాలని ఉంది, నమ్మడానికి భయంగానూ ఉంది. చీఫ్ గదికి ఆమె ఎన్నడైనా వచ్చి ఆ బొమ్మ చూసి ఉంటే? అతను ఫోను తీశాడు.

"సార్, పని పూర్తయింది. పోయేముందు ఒక మాట అంది. వ్యాపారి ఫొటోలన్నీ ఇక్కడి పియానోలో దాచిందట. చీకటి పడ్డాక నేనే తీసుకొస్తా."

అవతల కీబోర్డు చప్పుడు స్పష్టంగా వినిపించింది. టక్. టక్. టక్.

"మీ మాట నిజమైతే వాళ్లు ఫొటోల కోసం నాకన్నా ముందే వస్తారు," అన్నాడు ఫోను పెట్టేసి.

"రాకపోతే?"

"చీకటి పడేదాకా చూస్తాను."

"బాగుందండీ," అంది గాయని. "నా ప్రాణం ఇప్పుడు నన్ను చంపాలనుకునేవాళ్లు రావడం మీద ఆధారపడింది."

ఎవరూ రాలేదు. కిటికీ అద్దాల మీద ఎండ పలచబడి, పోయింది. బాల్‌రూమ్ మసకేసింది. ముంగిసకి మరదలి ముఖం గుర్తొచ్చింది. ఫోర్కు ఎత్తాడు.

"నొప్పి తెలీకుండా కానివ్వండి," అంది ఆమె. కళ్లు మూసుకుంది.

వేలు బటన్ మీద ఆనింది.

తలుపు చప్పుడైంది. "పియానో రిపేరుకి తీసుకెళ్లడానికొచ్చాం!"

ఆమె చటుక్కున నేల మీద ఒరిగి శవమైపోయింది, ముంగిస తెర చాటుకి తప్పుకున్నాడు. లోపలికి వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు దున్నపోతులాంటివాడు, రెండోవాడు బంగారు కళ్లజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. సన్నటివాడు శవాన్ని చూసి, "పాపం, మంచి గొంతు," అని పియానో మూత ఎత్తి రెండు చేతులూ లోపల పెట్టాడు.

ముంగిస బటన్ నొక్కాడు. దున్నపోతు మెడ పట్టుకుని కూలబడ్డాడు. అదే క్షణంలో శవం లేచి పియానో మూతని తన బరువంతా వేసి మూసింది. సన్నటివాడే వ్యాపారి. అతను పెట్టిన కేక ఆ హోటల్‌లో ఏ పాటకీ రానంత గట్టిగా వచ్చింది.

రింగు మొత్తం దొరికిపోయింది. ముంగిస డిస్కు సంగతి చెబితే చీఫ్ ముఖం పాలిపోయింది. తర్వాత మెకానిక్‌ని పిలిచి, "డిస్కు మొత్తం తుడిచెయ్. కొత్తగా ఇన్‌స్టాల్ చెయ్. నా సెట్టింగులూ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు.

"సార్, అది సాక్ష్యం," అన్నాడు ముంగిస.

"అందుకే."

"మరి గాయని?"

"చచ్చిందని పైవాళ్లకి రిపోర్టు పంపేశా. లీకు ఆవిడదేనని రాశా. ఇప్పుడు బతికుందంటే, నిర్దోషిని ఎందుకు చంపమన్నావయ్యా అని నా మెడకి చుట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

అంటే తోడల్లుడిని చంపించింది గాయనేనని ఫైల్లో ఎప్పటికీ ఉండిపోతుంది. మరదలు ఎప్పుడైనా అడిగితే ముంగిస చెప్పాల్సింది కూడా అదే.

మర్నాడు బస్టాండులో గాయనికి కొత్త పేరున్న కార్డు, టిక్కెట్టు ఇచ్చాడు. సంగతంతా దాచకుండా చెప్పాడు. ఇక ఎక్కడా పాడకూడదని, గొంతు గుర్తుపడతారని కూడా చెప్పాడు. ఆమె నూలు చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని వింది.

"సారీ అండీ," అన్నాడు ముంగిస.

ఆమె బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"రెండు దేశాలు పోటీపడి నన్ను చంపాలని చూశాయి," అంది. "ఏమాటకామాట చెప్పుకోవాలి. మీవాళ్లే గెలిచారు."