ఎడమకాలి చెక్క

నగరిలో పెంచలమ్మ ఇంట్లో మగ్గం ఆగి ఆరు నెలలు కావస్తోంది. కొడుకు ఆదికేశవులుకు తలలో రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లింది. మద్రాసులో పుర్రె తెరిచి ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది. ఎడమకాలు మాత్రం పడిపోయింది.

"ఆరు నెలల్లో వచ్చిందే వచ్చినట్టు. ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు డాక్టరు. మాత్ర తప్పకూడదు, నిద్ర చెడకూడదు, బీడీ పొగ తగలకూడదు. పెంచలమ్మ అన్నీ క్యాలెండరు వెనక రాయించుకుంది. పూటకు వందసార్లు ఆ కాలు మడిచి చాపేది. ఒకసారి తొంభై దగ్గర లెక్క తప్పితే, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

వేలు కూడా కదల్లేదు.

గడువు వారం ఉందనగా, ఆమె మగ్గం గుంట దగ్గర కూలబడింది. ఆమె మొగుడు అప్పట్లో ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ, బీడీ నోట్లో ఉండగానే ఒరిగి ప్రాణం వదిలాడు.

"ఏమయ్యా, బిడ్డకాలు నువ్వన్నా ఆడించు. ఏం కావాల్నో తీసుకో," అంది గుంటలోకి వంగి.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి మునివెంకటప్ప ఆదికేశవులును ఎత్తి మగ్గం ముందు కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ గుంటలోకి దించాడు.

"కొంగైతే ఒంటికాలి మీద నిలబడతాది గానీ, మగ్గం ఆడదు గదక్కా."

"తెలిసిన పని సేయించమన్నాడప్పా డాక్టరు. ఊరికే కూసున్నా సాలు."

అతను వెళ్ళిపోయాడు. పెంచలమ్మ వంటింట్లో గంజి వారుస్తోంది.

టక్... టక్...

ఆమె చెయ్యి ఆగిపోయింది. గుంటలోని రెండు తొక్కుడు చెక్కలూ కాళ్ళతో మార్చి మార్చి తొక్కితేనే ఆ చప్పుడొస్తుంది. దేవుడి కొండ దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని అక్కడే నిలబడి ఏడ్చింది.

అప్పుడొచ్చింది బీడీ వాసన.

మగ్గం గదిలోకి వెళ్ళింది. లోపల చీకటి. పైకప్పులోని గాజు పెంకులోంచి మగ్గం మీద పడే వెలుగొక్కటే. తడిమట్టి వాసన, పొగ.

"యాడిదిరా బీడీ?"

"నాకాడ యాడుండాదిమా." వాడు గుడ్డ మీంచి చూపు తిప్పకుండా నవ్వాడు. "కాలొచ్చినాది, సూడు."

చూసింది.

ఎడమకాలు గుంటలో లేదు. గుంట పక్కన నేలమీద, ఎవరో పైకెత్తి పక్కన పెట్టిన కట్టెలా పడి ఉంది.

గుంటలో ఎడమ చెక్క దిగింది... లేచింది... దిగింది.

"నీ కాలు... ఎట్టుండాదిరా?" గుసగుసగా అడిగింది.

"సల్లగుండాది. ఎవురో పట్టుకోనుండారు."

పెంచలమ్మ మోకాళ్ళ మీద వాలింది. "సాలయ్యా... ఇంక పో."

చప్పుడు ఆగింది.

కొడుకును చంకల కింద పట్టి ముందుగదిలోకి ఈడ్చుకొచ్చి చాప మీద పడుకోబెట్టింది. వాడు దూలాల వంక చూస్తున్నాడు.

"అమ్మా... కుడికాలు గూడా సల్లబడినాది."

గిల్లింది. గట్టిగా గిల్లింది. వాడు ఉలకలేదు.

లోపల మగ్గం మళ్ళీ మొదలైంది. ఈసారి వేగంగా, ఆరోగ్యవంతుడు నేసినట్టు. రెండు చెక్కలూ దిగుతున్నాయి, లేస్తున్నాయి. నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది. నాడె తాడు లాగాలంటే చేతులు కావాలి.

కొడుకు చేతులు రెండూ ఆమె పట్టుకునే ఉంది.

వాటిలో ఎడమది, మెల్లగా, చల్లబడుతోంది...