ఏసమ్మ కూర్చునే పక్క

తన చేతి మీదుగా వెళ్లిన బండి మళ్లీ రిపేరుకు రాదని జెస్సికాకు భలే గర్వం. నంద్యాలలో ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో సర్వీస్ ఇంజనీరు ఆమె. ఆ గర్వాన్ని గంగలో కలపడానికే పుట్టినట్టు, ఆళ్లగడ్డ స్కూల్లో లెక్కలు చెప్పే ఫ్రాన్సిస్ మళ్లీ వచ్చాడు. వెనక షాకబ్జార్బర్‌ను పట్టుకునే బ్రాకెట్ మళ్లీ చిట్లి, గుంత వస్తే టక్కుమని చప్పుడు.

“మూటలేమన్నా ఏస్తాండారా?” అంది.

“ఆదివారం మా జేజిని చర్చికి తీస్కపోతా. ఆయమ్మ మూట కాదు మేడమ్.”

కొత్త బ్రాకెట్ బిగించి, తనే వెనక కూర్చుని బండి తీయమంది. చుడీదార్ కాబట్టి అటో కాలు ఇటో కాలు వేసింది. గుంతలన్నీ తిరిగినా చప్పుడు లేదు. అద్దంలో ఆమె గెలిచిన నవ్వు చూసి ఫ్రాన్సిస్‌కు కోపం రావాలి. రాలేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

అయినా అతను జేజి ఎక్కితే చప్పుడొస్తుందనే అన్నాడు. పంతం కొద్దీ ఆమె ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లింది, చర్చికని చీర కట్టుకుని. ఫ్రాన్సిస్ చెప్పిన జేజి, వాళ్ల నాయనమ్మ ఏసమ్మ, “నేను కూచునే పక్క నువ్వే కూచోని చూడు పాపా,” అంది. జెస్సికా ఊళ్లో ఆడవాళ్లందరిలాగే కాళ్లు ఎడమకు వేసి ఒక పక్కగా కూర్చుంది. మొదటి గుంతకే వెనక టక్కుమంది.

దిగి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని రోడ్డు మీదే వంగి చూసింది. షాకబ్జార్బర్ కుడివైపు ఒక్కటే. బరువంతా ఎడమవైపు. చక్రాన్ని పట్టుకునే చట్రం మెలిపడి బ్రాకెట్‌ను లాగుతోంది.

“తప్పు మీది కాదు. మా బండిదే,” అంది. ఆ మాట అనడం ఆమెకు చాలా కష్టమైంది. అన్నందుకే ఫ్రాన్సిస్‌కు ఇంకా నచ్చింది.

ఆమె ఫోన్ చేసి చెబితే, కస్టమర్లనే సరిగ్గా కూర్చోమని చెప్పమంది కంపెనీ. జెస్సికా ఫోన్లోనే తేల్చేసింది. “మా జేజులు ఎట్ల కూచుంటారో బండి అట్ల చేయల్ల సార్. అందాకా ఒక్క బండి కూడా నేను బయటికి పంపను.”

ఉద్యోగం పోతుందని షోరూమంతా భయపడింది. ఫ్రాన్సిస్ మాత్రం, అదే బండ్లున్న ఇళ్లకు తిరిగి, వెనక ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఆ చప్పుడు వీడియోలు తీసి కంపెనీకి పంపాడు. చివరికి రెండు వైపులా షాకబ్జార్బర్లున్న చట్రాలు వచ్చాయి. మొదటిది ఫ్రాన్సిస్ బండికే బిగించింది జెస్సికా.

“చప్పుడు పోయింది. ఇంగ నంద్యాలకు వచ్చేదానికి నాకు సాకు ల్యాదు,” అన్నాడు దిగాలుగా.

“సాకు ఏంటికి? ఊరికే రా,” అంది, స్పానరు తుడుచుకుంటూ.

తర్వాతి ఆదివారం ఏసమ్మ చర్చి ముందు జెస్సికాను చూపించి, అందరికీ వినబడేలా, కంపెనీ మెడలు వంచిన పిల్ల ఈ పాపేనని చెప్పింది. అందరూ చూస్తుండగానే ఫ్రాన్సిస్ బండి వదిలి తను ఆటో ఎక్కింది.

“నాకు ఆటో ఉందిలే. ఆ పక్క ఇంగ నీది పాపా.”