ఒక్కసారే నొక్కు

పులివెందుల బస్టాండు వెనక టీ తాగుతున్న ఆనందయ్యను పట్టపగలే ఎవరో విషపుసూదితో పొడిచి వెళ్లిపోయారు. చూసినవాళ్లు గుండెపోటు అనుకున్నారు. నాటుబాంబులకూ వేటకొడవళ్లకూ అలవాటుపడిన చోట సూదిపోటు చావును ఎవరు అనుమానిస్తారు? అతను కేంద్ర గూఢచారి సంస్థ మనిషని తెలిసినవాడు జిల్లా మొత్తానికి ఒక్కడే. ప్రొద్దుటూరులో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్న ఏలీయా. అతనూ ఆ సంస్థ మనిషే. స్నేహితుణ్ణి ఆఖరిచూపు చూద్దామన్నా వీల్లేదు, గుట్టు బయటపడుతుంది. షట్టరు సగం దించుకుని, లోపల ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు.

చీఫ్ ఫోన్‌లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు. ఇక్కడి రెండు వర్గాలకూ ఆయుధాలమ్మి బతుకుతున్న విదేశీ ముఠా ఒకటుంది, ఆనందయ్యను చంపింది అదే. తొండూరు వైపు నాయకుడు సుబ్బరాయుడు, రాజుపాలెం వైపు నాయకుడు ఆదినారాయణ ఇప్పుడు ఒకే పార్టీ కండువా కప్పుకుని, జమ్మలమడుగు కల్యాణమండపంలో చేతులు కలపబోతున్నారు. చేతులు కలిస్తే ముఠా దుకాణం మూతపడ్డట్టే. అందుకని వేదికను పేల్చేస్తారు. ఎదుటివాళ్లే చేశారని ఎవరికి వారు నమ్మి మళ్లీ నరుక్కుంటారు.

"ట్రిగ్గర్ ఒక లాప్‌టాప్‌లో ఉంది. లినక్స్ మెషిన్. ఆపరేటర్ ఆడమనిషి," అన్నాడు చీఫ్.

"గుర్తు, సార్?"

"గుర్తు తెలిస్తే నువ్వెందుకయ్యా?"

ఆ వారంలోనే నిర్మల షాపులో అడుగుపెట్టింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, వీధి చివరిదాకా గుబాళించే సెంటు. హైదరాబాదు నుంచి పార్టీ పంపిందట. పార్టీ ఆఫీసు కంప్యూటర్లన్నిట్లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేయించాలట. తనకు విండోస్ తప్ప ఏమీ తెలియదట. లినక్స్‌కు తెర రూపాలు, అదే డెస్క్‌టాప్‌లు, చాలా ఉంటాయట కదా, వాటిలో ఏది మేలో చూపించమంది.

ఏలీయా మూడు రకాల డెస్క్‌టాప్‌లున్న మూడు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టాడు. గ్నోమ్‌లో పైనొక పట్టీ, కిందొక పట్టీ, అంతకుమించి హంగామా లేదు. కెడిఇలో గడియారం రంగు దగ్గర్నుంచి ప్రతిదీ మార్చుకోవచ్చు, మార్చేదాకా నిద్రపట్టదు. ఎక్స్‌ఎఫ్‌సిఇ మూలన పడేసిన డొక్కు కంప్యూటరునైనా లేపి పరిగెత్తిస్తుంది. వింటూనే ఆమె గ్నోమ్ తెర మీద ఫోల్డరును ఒక్కసారి నొక్కి ఆగింది. అది తెరుచుకోలేదు; విండోస్‌లో లాగే గ్నోమ్‌లోనూ రెండుసార్లు నొక్కాలి.

ఏలీయా ఆమె చేతినే చూశాడు. విండోస్‌కు అలవాటైన చెయ్యి టకటకా రెండుసార్లు నొక్కుతుంది. ఒక్క నొక్కుతో తెరుచుకుంటుందని ఆగే చెయ్యి కెడిఇ మీద ఏళ్లతరబడి పనిచేసిన చెయ్యి. ఈమె అబద్ధమాడుతోంది. ఆనందయ్య తోటివాడెవరో పసిగట్టడానికే ముఠా ఈమెను పంపింది.

ఆ క్షణమే చీఫ్‌కు చెప్పాలి. కానీ ఫోన్‌లో చీఫ్ అడిగితే, "ఇంకా పరిశీలిస్తున్నాను సార్," అన్నాడు. మరునాడూ అదే మాట. ఎందుకంటే ఇన్నేళ్లుగా ఆ షాపుకొచ్చినవాళ్లు వైరస్ పడిందనో, పాటలు ఎక్కించమనో అడిగారు తప్ప, అతనికి ఇష్టమైన సంగతి మీద అతనితో వాదించినవాళ్లు లేరు. ఈమె వాదించింది. రోజూ సాయంత్రం వచ్చి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి మరీ వాదించింది. పోనుపోను హైదరాబాదు యాస జారిపోయి సొంత యాస బయటపడింది.

"కెడిఇ ఏ యేసమైనా ఏస్తాది. గ్నోమ్ మాదిరి ఉండమంటే ఉంటాది. నీ గ్నోమ్‌కు చేతనైతాదా అది?"

"ఉండే మొగం సరిపోతే యేసమెందుకు మేడం?"

ఆమె బల్ల మీది కళ్లద్దాలు పక్కకు జరిపింది. తర్వాత, తనది కొండాపురం పక్క పల్లె అనీ, అది గండికోట జలాశయం నీళ్లలో మునిగిపోయిందనీ, వెనక్కి పోదామన్నా తనకు ఊరు లేదనీ మెల్లగా చెప్పింది. ఆ ఒక్కటీ నిజమేనని ఏలీయాకు అర్థమైంది. ఆమె వెళ్లాక ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాడు.

సభరోజు పొద్దున ఇక తప్పక చీఫ్‌కు నిర్మల పేరు చెప్పేశాడు. లాప్‌టాప్ దొరికేదాకా ఆమెను ముట్టుకోవద్దన్నాడు చీఫ్.

ఏలీయా మైక్‌సెట్టువాడి వేషంలో మండపంలో దిగాడు. చెవులకున్న హెడ్‌ఫోన్స్‌లో సిగ్నల్ డిటెక్టర్ ఉంది. వేదిక మీద రెండు సింహాసనాల్లాంటి కుర్చీలు. కింద అయిదారు వందల జనం, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు. నాయకులు మాత్రం మెట్ల దగ్గర చెరోపక్క నిలబడిపోయారు. ముందు ఎక్కి కూర్చున్నవాడు రాజీకి తొందరపడ్డట్టు, అంటే తగ్గినట్టు. "నువ్వు పోప్పా" అంటే "నువ్వు పో మామా" అనుకుంటున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో బాంబులు పెట్టిన ముఠా ఈ పంతాన్ని లెక్కలో వేసుకోలేదు. ఆ వ్యవధిలో ఏలీయా గదులన్నీ గాలించాడు. వంటసామాన్ల గది దగ్గర డిటెక్టర్ కీచుమంది.

లోపల నిర్మల, ఎదుట లాప్‌టాప్. పిస్తోలు చూపి ఆమెను గోడవైపుకు నెట్టి, కిటికీ చువ్వకు సంకెల వేశాడు. సరిగ్గా అప్పుడే బయట చప్పట్లు మోగాయి. ఇద్దరు నాయకులూ ఒకేసారి కాలు పెట్టే ఒప్పందం మీద వేదిక ఎక్కారు. తెర మీద అంకెలు తగ్గడం మొదలైంది.

"నేను కాదు. మా ఊరి సంగతి నీకు చెప్పిన పొద్దే చెయ్యనన్నా. ఆపేదానికే ఈడికొచ్చినా. యాడనో కూర్చోని వాళ్లే మొదలుపెట్టినారు," అంది నిర్మల.

ఆ అంకెలను ఆపడానికి తెర మీద నొక్కే బొమ్మ ఒకే ఒకటి ఉంది. పైనొక పట్టీ, కిందొక పట్టీ. అచ్చంగా గ్నోమ్. ఏలీయా వేళ్లు అలవాటు చొప్పున రెండు నొక్కులకు సిద్ధమయ్యాయి.

"అది గ్నోమ్ కాదు ఏలీయా, గ్నోమ్ యేసమేసిన కెడిఇ. ఒక్కసారే నొక్కు. ఒకటికి ఆగుతాది, రెండోదానికి పేలుతాది."

ఆనందయ్యను చంపిన ముఠా మనిషి మాట. మొదటిరోజు నుంచీ అబద్ధమాడిన మనిషి. తన కళ్లు ఒకటి చెబుతున్నాయి, ఆమె ఒకటి చెబుతోంది. ఏలీయా ఆమె ముఖం చూశాడు. కళ్లద్దాలు లేవు.

ఒక్కసారి నొక్కి, చెయ్యి తీసి వెనక పెట్టుకున్నాడు. ఆఖరి అంకె తెర మీద అలాగే నిలిచిపోయింది.

బయట నాయకులిద్దరూ దండలు మార్చుకున్నారు. నిర్మల చెప్పిన ఆనవాలుతో ముఠా నాయకుణ్ణి బెంగళూరు హోటల్లో పట్టుకున్నారు. పోలీసు జీపు ఎక్కబోతూ ఆమె ఆగింది.

"ఇప్పుడన్నా ఒప్పుకుంటావా, కెడిఇనే మేలని?"

ఒప్పుకోవడానికి అతనికి అభ్యంతరమేమీ లేదు. కానీ ఒప్పుకుంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

"ఒప్పుకోను," అన్నాడు.

ఆమె నవ్వింది. జీపు కడప దారి పట్టింది.

చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. ప్రమోషనా, బదిలీయా, ఏం కావాలో కోరుకోమన్నాడు. అవేమీ వద్దు గానీ, కడప జైల్లో ములాఖత్ ఏ వారమో కనుక్కుని చెప్పమన్నాడు ఏలీయా.